బడి పెత్తనంలో మన వాటా: భాగ్యరెడ్డి వర్మ బాట

సూళ్లూరుపేట ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ ఎమ్మెల్యే దళితులే. కానీ పరిశోధన కోసం ఆ వాడల్లో తిరిగినప్పుడు మాకు ఎక్కువగా వినబడింది ఎమ్మెల్యే కుర్చీ మాట కాదు, సర్కారు బడిలో పేరెంట్స్ కమిటీ ఎన్నిక మాట. కమిటీకి నిలబడాలని ఉండీ వెనకాడుతున్న ఒక తల్లి కనబడింది. సాధారణంగా చేతులెత్తి ఎన్నుకునే పద్ధతి కాబట్టి ఎవరు ఎవరి వైపో అక్కడికక్కడే తెలిసిపోతుంది. రేపు పనికి పిలవాల్సిన వాళ్లూ ఆ గుంపులోనే ఉంటారు.

బడిలో కూర్చోవడానికే కాదు, బడిని నడపడానికీ మనకు హక్కుందని వందేళ్ల కిందటే చేసి చూపించిన మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు భాగయ్య. తండ్రి చిన్నప్పుడే పోయారు. ఒక క్రైస్తవ బారిస్టర్ ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు మీద మక్కువ పెంచుకున్నారు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలతో వాడవాడకూ వెళ్లారు. 1911లో అది మాన్య సంఘమైంది. జోగిని ఆచారం, బాల్యవివాహాలు, తాగుడు మీద పోరాడారు. కులం పుట్టించిన కష్టాలకు మన అలవాట్లనే తప్పుపట్టే ధోరణి ఆ తొలినాళ్ల సంస్కరణలో కొంత ఉందన్న విమర్శను మేమూ కాదనం. అయితే ఆయన అక్కడే ఆగిపోలేదు.

1910లో ఇసామియా బజార్, లింగంపల్లిలో బడులు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఆ బడుల్లో చదువు తెలుగులో సాగింది. 1930ల నాటికి అవి 26 అయ్యాయి. పిల్లలు రెండు వేలు దాటారు. దానం చేసిన పెద్దలున్నా, ముందుండి నడిపింది మన సంఘమే. తర్వాత ప్రభుత్వం ఆ బడులను తన చేతిలోకి తీసుకుంది.

1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. దళితులు గుడిలోకి వస్తారన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. అధ్యక్షుడిగా వచ్చిన భాగ్యరెడ్డి వర్మ పంచమ అన్న పేరునే ఒప్పుకోలేదు. ఈ నేల తొలి బిడ్డలం, మేం ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరు మారింది. 1922లో మద్రాసు శాసనమండలిలో ఆ పేరుకు గుర్తింపు దక్కింది. నేటికీ ఎందరో పిల్లల కుల ధ్రువపత్రాల మీద ఉన్నది ఆ పేరే.

ఆ సభ బడులు, బావులతో పాటు స్థానిక సంస్థల్లో ప్రాతినిధ్యం కూడా కోరింది. మద్రాసు రాష్ట్రంలో ఎన్నో ప్రాథమిక బడులు తాలూకా, జిల్లా బోర్డుల కింద ఉండేవి. ఆ బడులు ఎక్కడ కట్టాలో, వాటి డబ్బు దేనికివ్వాలో తేల్చేది ఆ బోర్డులే. సూళ్లూరుపేట కూడా ఆ రాష్ట్రంలోదే.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఆయన అడిగిన వాటాలో కొంత 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటివ్వాలి. నిధుల ఖర్చు చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం ఆ కమిటీ పనే.

చట్టం కుర్చీ వేసింది. ఆ తల్లి ఒంటరిగా వెళ్లి అందులో కూర్చోవాలంటే కష్టం. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈసారి ఎన్నిక నోటీసు రాగానే మీ వాడలో కూర్చుని పేరు ముందే ఖాయం చేసుకోండి. ఆ రోజు ఆమె పక్కన పది చేతులు లేచేలా చూడండి.