నటీమణి శ్రీమతి సూర్యకాంతము

తెలుగుదేశమున ఏ యూరి కేగినను, కోడలిని రాచిరంపాన బెట్టు అత్తను గూర్చి చెప్పవలసివచ్చినపుడు జనులు పెద్ద వర్ణన చేయరు. ఆమె సూర్యకాంతమని యొక్కమాట యందురు. విన్నవారి కంతయు తెలిసిపోవును. గోదావరి కీవల బొగ్గుగనుల నడుమనున్న మన నస్పూరు, శ్రీరాంపురము వాడలలోను ఈ మాట కొత్తది కాదు. దొడ్డ ప్రయత్నమునకు భగీరథుని పేరు, సత్యమునకు హరిశ్చంద్రుని పేరు వాడుట పురాణకాలమునుండి వచ్చుచున్న యాచారము. ఆ పేర్లు లోకుల నోట నిలుచుటకు వందలయేండ్లు పట్టినవి. ఈమె పేరు పదియేండ్లలో నిలిచినది. అదియు ఆమె బ్రతికియుండగనే, ఆమె చేయని తప్పులకు.

సూర్యకాంతము 1924వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన కాకినాడకు సమీపమునగల వెంకటకృష్ణరాయపురమున జన్మించెను. తండ్రి పొన్నాడ అనంతరామయ్య, తల్లి వెంకటరత్నమ్మ. ఆ దంపతులకు ఈమె పదునాలుగవ సంతానము. పసితనముననే పాటయు నాట్యమును అభ్యసించెను. కాకినాడ ఆ దినములలో నాటకములకు పేరెన్నికగన్న పట్టణము. యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటకసంఘము అచ్చట నుండెను. ఎస్.వి. రంగారావు వంటి నటులు ఆ గాలి పీల్చియే పెరిగిరి. గోడల కంటించిన హిందీ చలనచిత్రముల బొమ్మలను చూచుచు, తానును అట్టి నాయిక కావలెనని ఆ బాలిక తలపోసెనట. గయ్యాళి అత్త కావలెనని ఏ బాలిక తలచును?

ఆమె మద్రాసు చేరిన పిమ్మట 1946లో వచ్చిన నారద నారది చిత్రమున ఒక చిన్నవేషము దొరకెను. తరువాత జెమినీ స్టూడియోవారి చంద్రలేఖలో నర్తకీబృందమున చేరెను. ఎస్.ఎస్. వాసన్ నిర్మించిన ఆ చిత్రము 1948లో విడుదలయి, పెద్ద ఢంకాలపై నాట్యమాడు సన్నివేశమువలన దేశమంతట ప్రసిద్ధికెక్కెను. అందు ఆడిన పెక్కుమందిలో ఈమె యొకతె. జీతము నెలకు 65 రూపాయలు. అది చాలదని ఆమె నిర్మాతకే నేరుగా చెప్పి, 75 రూపాయలు చేయించుకొనెను. పది రూపాయలు చిన్న మొత్తమే. కాని కొత్తగా వచ్చిన యొక గుంపులోని పడుచు వాసన్ వంటివాని యెదుట నిలిచి తన శ్రమకు వెల కట్టి చెప్పుట చిన్నపని కాదు. లెక్కయెడల ఈ నిక్కచ్చితనము ఆమెకు జీవితాంతము నుండెను.

1949లో వచ్చిన ధర్మాంగదలో ఆమె వేసినది మూగవేషము. తెలుగు తెరపై నోటికి పెట్టనికోట యని పేరుపొందిన నటి తొలినాళ్లలో ఒక్కమాటయైన పలుకని పాత్ర ధరించుట విధి చేసిన పరిహాసముగా తోచును.

నాయిక కావలెనన్న కోరిక నెరవేరు దినము ఒకమారు దగ్గరకు వచ్చెను. సౌదామిని యను చిత్రమున ఆమెను నాయికగా నిర్ణయించిరి. అంతలో మోటారు ప్రమాదమున ముఖమునకు గాయమయ్యెను. చిత్రము వేరొకరి పాలయ్యెను. బొంబాయినుండియు ఒక నాయికావేషము వచ్చెననియు, ఆ వేషమునకు ముందుగా కుదుర్చుకొన్న మరియొక నటిని తొలగించి తనను పిలుచుచున్నారని తెలిసి, ఒకరి కడుపు కొట్టి తాను ఎదుగ నొల్లక నిరాకరించెననియు చెప్పుకొందురు. తెరపై పరుల సొమ్ము కాజేయు వేషములు వందలకొలది వేసిన స్త్రీ తనకు దక్కవలసిన వేషమునే యీ కారణముగ విడిచినదన్నమాట.

1950వ సంవత్సరము ఆమె జీవితమున రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేడు న్యాయరంగమునకు చెందిన పెద్దిభొట్ల వేంకటచలపతిరావుతో ఆమెకు వివాహమయ్యెను. ఆ యేడు చివరనే ఎల్.వి. ప్రసాదు దర్శకత్వమున సంసారము చిత్రము విడుదలయ్యెను. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి నటించిన ఆ చిత్రమున ఈమె తొలిసారిగ గయ్యాళి అత్తగా కనబడెను. అప్పటి కామె వయస్సు ఇరువదియారేండ్లు. నిజమునకు కొత్తకోడలు, తెరపై పాతకాలపు అత్త. ఆ వేషము జనుల కెంత నచ్చెననగా, నిర్మాతలు మరల ఆమెను వేరొక వేషమున ఊహింపలేకపోయిరి.

అటుపై పెళ్ళిచేసి చూడు, కన్యాశుల్కము, అప్పుచేసి పప్పుకూడు, మాంగల్యబలము, ఇద్దరు మిత్రులు, వెలుగునీడలు, కులగోత్రాలు, రక్తసంబంధము, ఇట్లు ఒకదాని వెనుక నొకటిగా నలువది యేండ్లకు పైగా వందలకొలది చిత్రములు. రేలంగి, రమణారెడ్డి, ఎస్.వి. రంగారావు ఈమెకు తెరపై భర్తలుగానో అన్నదమ్ములుగానో నిలిచి మాటలు పడినవారు. రేలంగి నోరు తెరచి మూసికొనుటయు, ఈమె నోరు తెరచి మూయకుండుటయు చూచి నవ్వనివారు లేరు.

1957లో అన్నపూర్ణావారు తీసిన తోడికోడళ్ళు శరత్‌చంద్రుని నిష్కృతి యను బెంగాలీ నవలకు తెలుగురూపము. శరత్తు నవలలు చదివిన గ్రంథాలయ పాఠకులకు ఈ కథ కొత్తగాదు. అందు ఈమె పాత్ర పేరు అనసూయ. అసూయ లేనిది అని ఆ పేరునకర్థము. ఉమ్మడికుటుంబమును ఆ అసూయయే రెండుగా చీల్చును. వేరుపడిన ఇండ్లెన్నో చూచిన గ్రామస్థులకు ఆ కథ యెక్కడ తగిలెనో చెప్ప నక్కరలేదు.

ఆమె నటనలోని రహస్యమేమి? ఎడమచేయి. మాటాడునపుడు ఆ యెడమచేయి గాలిలో తిరుగును, నడుముపైకి పోవును, ఎదుటివాని ముఖముమీదికి వచ్చును. మాట వాక్యము ముగియుచోట విరిగి పైకి లేచును. ఇది పైకి కనబడు సంగతి. లోతున మరియొకటి యున్నది. భరతముని శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము పుట్టునని చెప్పినాడు. ఈమె విషయమున ఆ లెక్క తప్పినది. ఆమె క్రోధము నిజమైన క్రోధమే. అందు వెకిలిచేష్ట లేదు, నవ్వింపవలెనను యత్నము లేదు. ఆ రౌద్రమును చూచియే జనులు నవ్విరి. తాను నవ్వక యెదుటివారిని నవ్వించుట హాస్యములో ఉత్తమమైన పద్ధతియని పెద్దలందురు. అది ఆమెకు పుట్టుకతో అబ్బినది.

మాయాబజారులో ఆమె హిడింబ. 1957 మార్చి 27న విడుదలయిన ఆ చిత్రమున గల శశిరేఖా పరిణయకథ వ్యాసభారతమున లేదు, నన్నయ ఆదిపర్వమున హిడింబ యున్నదిగాని ఈ పెండ్లి లేదు. కథ తెలుగువారి నాటకములనుండి వచ్చినది. ఘటోత్కచుడుగా రంగారావు, ఆతని తల్లిగా సూర్యకాంతము. రంగారావు 1918లో పుట్టినవాడు. అనగా కుమారుడు తల్లికంటె ఆరేండ్లు పెద్ద! తెర ముందు కూర్చున్నవారిలో ఒక్కనికైన ఆ సందేహము రాలేదు. అడవిలో దిక్కులేక వచ్చిన సుభద్రను, అభిమన్యుని ఆదరించు ఘట్టమున ఆమె కనులలోని వాత్సల్యము చూచినవారు, ఈమెకు గయ్యాళితనము తప్ప వేరొకటి రాదని అనజాలరు. అట్టి వేషములు ఆమెకు మరికొన్ని దొరకియుండవలసినది.

ఇక గుండమ్మకథ. 1962 జూన్ 7న విజయావారు విడుదల చేసిరి. కన్నడమున 1958లో వచ్చిన మనె తుంబిద హెణ్ణు దీనికి మూలము. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. మాటలు డి.వి. నరసరాజువి. రామారావునకు ఇది నూరవ చిత్రము, నాగేశ్వరరావునకు తొంబదితొమ్మిదవది. సావిత్రి, జమున నాయికలు. రంగారావు, రమణారెడ్డి, ఛాయాదేవి తక్కిన పాత్రలు. ఇందరు మహానటులుండగా చిత్రమునకు పెట్టిన పేరు మాత్రము సూర్యకాంతము పాత్రది. ఆనాటి తెలుగు చిత్రసీమలో నాయకుల పేరు మీద, నాయికల పేరు మీద చిత్రములు పెక్కులు వచ్చినవి. అత్త పేరుమీద, అందునను గయ్యాళి అత్త పేరుమీద రెండు పెద్దపేర్లు తలవంచి నటించుట అపూర్వము. గుండమ్మ పాత్రను గయ్యాళిగా చూపుటకు వేరే సంభాషణలు కూర్పనక్కరలేదనియు, సూర్యకాంతము తెరపై నిలిచిన చాలుననియు చక్రపాణి యభిప్రాయమట.

ఆ పాత్రను కొంచెము నిదానించి చూడవలెను. గుండమ్మ భర్తలేని స్త్రీ. సవతికూతురు లక్ష్మిని పనిమనిషిగా వాడుకొనును. కన్నకూతురు సరోజను నేలమీద నడువనీయదు. పిసినారి. కాని మూర్ఖురాలు గాదు, క్రూరురాలును గాదు. మగదిక్కులేని ఇంటిని నోటితో కాపాడుకొను స్త్రీ. తియ్యగా మాటాడు ఘంటన్నను నమ్మి మోసపోవును, పనివాడై వచ్చిన అంజిగాని గడుసుదనమునకు లొంగిపోవును. చివరకు తనకంటె మించిన గయ్యాళి దుర్గమ్మ యింటిలో చేరి తననే గదిలో బెట్టి తాళము వేయగా, ఇన్నాళ్లు తాను పీడించిన లక్ష్మియే వచ్చి విడిపించును. ఆ చోట గుండమ్మ ముఖమున సిగ్గు, ప్రేమ, పశ్చాత్తాపము ఒక్కమారుగ పొడసూపును. ఒక్కమాటలేదు. నవ్వుచు వచ్చిన జనము కన్నుల నొత్తుకొనుచు పోయినది ఈ ఘట్టమువలననే. ఆమెకప్పుడు ముప్పదియేడేండ్లు, కూతురుగా వేసిన జమునకంటె పండ్రెండేండ్లు మాత్రమే పెద్ద.

తెర వెనుక సూర్యకాంతము వేరొక మనిషి. చిత్రీకరణమునకు వచ్చునపుడు ఇంటిలో వండిన వంటలు, పిండివంటలు క్యారియర్లలో తెచ్చి, పెద్దనటులకేగాక దీపములు పట్టువారికిని, సామాను మోయువారికిని కొసరి కొసరి వడ్డించుట ఆమె యలవాటు. ఒక చిత్రమున చిత్తూరు నాగయ్యను నోటికి వచ్చినట్లు దూషింపవలసివచ్చెనట. సన్నివేశము ముగియగనే ఆ పూజ్యుని పాదములపై బడి, కన్నీరు గార్చి క్షమింపుమని వేడుకొనెనని చెప్పుదురు. పారితోషికము మాత్రము పైసతో సహా లెక్కచూచి తీసికొనెడిది. పాత మోటారుకార్లు కొని బాగుచేయించి అమ్ముట ఆమెకొక వేడుక యని ఆమెను ఎరిగినవారు చెప్పెడివారు. వసూలు చేయుటలో గట్టి, ఇచ్చుటలో మెత్తన. ఈ రెండు గుణములు ఒకచోట నుండుట కొందరికి వింతగా తోచునుగాని, కష్టించి సంపాదించినవారియందు ఇది సహజమే. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. ఒక బాలుని దత్తత చేసికొని పెంచిరి.

సూర్యకాంతమనగా ఒక శిల. స్పృశించినచో చల్లగా నుండును. సూర్యకిరణము సోకినచో నిప్పులు గ్రక్కును. కాళిదాసు శాకుంతలమున మునులను దానితో పోల్చినాడు. ఏ ముహూర్తమున తలిదండ్రులు ఆ పేరు పెట్టిరో, స్టూడియోదీపము వెలుగునంతసేపు ఆమె నిప్పు. దీపమారినచో చల్లని రాయి.

ఆ చక్కని పేరే తెలుగింటిలో వెలియైనది. సంసారమునకు ముందు పొలములందు, ఇండ్లయందు సూర్యకాంతమ్మలు కనబడిరి. ఆమె ప్రసిద్ధి పెరిగినకొలది ఆడుబిడ్డలకు ఆ పేరు పెట్టువారు లేకపోయిరి. కైకేయి పేరునకు పట్టిన గతియే దానికి పట్టెను. కైకేయి రాముని అడవులకు పంపినది. ఈమె చేసినది నటన. అత్తవారింటికి పోవు పిల్లలు ఈమెను చూచి భయపడెడివారు, ఎదురుపడినపుడు తల్లులు బిడ్డలను వెనుకకు లాగుకొనెడివారు. ప్రేక్షకులు కొట్టిన చప్పట్లు ఎంత నిజమో ఆ భయమును అంత నిజము. నటునికి ఇంతకు మించిన మెప్పు లేదందురు గాని, మెప్పు పొందినది నటి. వెల చెల్లించినది ఇల్లాలు.

డెబ్బదవ దశకమునకు పిమ్మట కథలు మారినవి, ఉమ్మడికుటుంబములు తెరపై తగ్గినవి, రేలంగి, రంగారావు, రమణారెడ్డి గతించిరి. వేషములు పలుచబడినను ఆమె నటించుట మానలేదు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమువారు ఆమెను గౌరవ డాక్టరేటుతో సన్మానించిరి. 1994లో వచ్చిన ఎస్.పి. పరశురాం ఆమె కడపటి చిత్రములలోనిది. ఆ సంవత్సరమే డిసెంబరు 18వ తేదీన ఆమె దివంగతురాలయ్యెను. 2024 అక్టోబరుతో ఆమె పుట్టి నూరేండ్లు నిండినవి. పండుగనాడు టెలివిజనులో గుండమ్మకథ వచ్చినపుడు నేటికిని నస్పూరు ఇండ్లలో అత్తయు కోడలును ఒకే చాపమీద కూర్చుండి చూచుచున్నారు. గుండమ్మ ఎడమచేయి లేవగనే ఇద్దరును ఒక్కమారే నవ్వుదురు.