పాస్ మార్కుల పిల్లవాడు, పక్షుల పెద్దాయన



వార్షిక పరీక్షలు ముగింపుకొచ్చాయి. ఇంకొన్ని రోజుల్లో ప్రోగ్రెస్ కార్డు మీ చేతికి వస్తుంది. ఇదే సమయానికి మీ బాల్కనీ కుండీలోనో, పెరటి మందార కొమ్మ మీదో ఓ పిట్ట గూడు కడుతూ ఉండవచ్చు. ఈ రెండూ ఒకేసారి ఎదురయ్యే ఈ నెలలో సలీం అలీ గురించి చెప్పుకుందాం.

ఆయన 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. సంతానంలో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, మేనత్త హమీదా బేగం ఆ పిల్లలను పెంచారు.

పదేళ్ల ప్రాయంలో ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ! ఇది ఏ పిట్ట, దీన్ని తినవచ్చా అని మామయ్యను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. ఊరుకోమని కసరలేదు, ఏదో ఒక పేరు చెప్పి పంపేయలేదు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ గారికి ఉత్తరం రాసిచ్చి పంపారు. మిల్లార్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, అక్కడ భద్రపరిచిన వందల పక్షులను చూపించి, చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. కుర్రవాడి దారి ఆ రోజే మలుపు తిరిగింది.

బడిలో మాత్రం ఆ వెలుగు కనిపించలేదు. తరచూ తలనొప్పులు, మధ్యలో ఆగిన చదువు. 1913లో మెట్రిక్యులేషన్ అతి కష్టం మీద గట్టెక్కారు. కాలేజీలో గణితం కొరకరాని కొయ్య అయింది. మొదటి ఏడాదే మానేసి, అన్న వ్యాపారంలో సాయానికి బర్మా వెళ్లారు. అక్కడా ఆయన కళ్లు లెక్కల పుస్తకం కన్నా చెట్ల మీదే ఎక్కువ తిరిగాయి. తిరిగొచ్చాక జంతుశాస్త్రం చదివినా డిగ్రీ లేకపోవడంతో జువాలజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. ఇది దాచవలసిన విషయం కాదు. సర్టిఫికెట్ లేని లోటు ఆయన్ను చాలాకాలం వెంటాడింది. అందుకే 1928లో జర్మనీ వెళ్లి, బెర్లిన్ మ్యూజియంలో స్ట్రెసెమన్ అనే గొప్ప పక్షిశాస్త్రవేత్త దగ్గర పద్ధతిగా పని నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి బొంబాయి మ్యూజియంలో ఆయన చేసే ఉద్యోగాన్ని నిధులు లేక తీసేశారు.

చేతిలో పనిలేని ఆ రోజుల్లో భార్య తెహ్మినాతో కలిసి కిహిమ్ అనే సముద్రతీర గ్రామానికి మారారు. అక్కడ వానాకాలంలో గిజిగాళ్లు గూళ్లు అల్లుతుంటే నెలల తరబడి కూర్చుని చూశారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్షించి, నచ్చితే చేరుతుంది. అప్పుడు మగపిట్ట మిగతా గూడు పూర్తిచేసి, ఇంకో ఆడపిట్ట కోసం మరో గూడు మొదలుపెడుతుంది. తరతరాలుగా అందరి కళ్లెదుటే జరుగుతున్నదే. ఓపికగా చూసి, రాసుకుని, నిరూపించినవారు ఆయన.

ఆ తరువాతి మజిలీ మన నేలే. నిజాం ప్రభుత్వ సాయంతో 1931-32లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేశారు. ఖర్చులు ఇస్తే చాలు, జీతం వద్దన్నారు. నల్లమలలోని మన్ననూరు వంటి చోట్ల గుడారాలు వేసుకుని తిరిగారు. తెహ్మినా కూడా వెంట ఉన్నారు. 1939లో ఓ చిన్న ఆపరేషన్ తరువాత ఆమె కన్నుమూశారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది.

1900 తరువాత ఎవరికీ కనిపించని కలివికోడిని వెతికించాలని ఆయన పట్టుబట్టారు. 1986లో సొసైటీ వారికి స్థానికుల సాయంతో అది కడప జిల్లాలో దొరికింది. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. మరుసటి ఏడాది జూన్ 20న కన్నుమూశారు. తరువాత ఆ పిట్ట కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మారింది.

ఇక మీ ఇంటి సంగతి. ఈ సెలవుల్లో గూడు కనిపిస్తే పిల్లలతో ఇలా చేయించండి. గూటినీ గుడ్లనూ తాకనివ్వకండి. నాలుగైదు మీటర్ల దూరంలో, రోజూ ఒకే చోట, పది నిమిషాలు కూర్చోబెట్టండి. కొమ్మలు పక్కకు తీస్తే కాకుల కంట పడుతుంది, జాగ్రత్త. తేదీ, సమయం, తల్లిపిట్ట ఏం తెచ్చిందో నోట్‌బుక్‌లో రాయించండి. పిగిలిపిట్ట సుమారు రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా కలిపినా మీకు పట్టేది ఒక నెలే. వారానికోసారి తెల్లవారగానే దగ్గర్లోని చెరువు గట్టుకు తీసుకెళ్లండి.

మీ అబ్బాయో అమ్మాయో ఇది ఏ పిట్ట అని అడిగితే, మీకు తెలియకపోతే తెలియదని చెప్పండి. తెలిసినవారెవరో ఇద్దరూ కలిసి వెతకండి. అమీరుద్దీన్ గారు ఆ రోజు చేసింది అంతే.