పెట్రస్ కాంపర్‌కు మూడు వందల ఏళ్ళ జేజేలు

1722 మే 11న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పుట్టిన పెట్రస్ కాంపర్‌కు 2022లో మూడు శతాబ్దాలు నిండాయి. వృత్తిరీత్యా వైద్యులు. ఫ్రానెకర్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, గ్రోనింగెన్‌లో పాఠాలు చెప్పారు. పశువుల మహమ్మారికి టీకా ప్రయత్నాలు చేశారు, ఒరాంగుటాన్‌ను కోసి అది మనిషి కాదని తేల్చారు. చివరికి కాలికి నప్పే చెప్పు ఎలా ఉండాలో కూడా 1781లో ఒక పుస్తకం రాసిపెట్టారు! నేను దండ వేసేది మాత్రం ఎముకలు చదివిన కాంపర్‌కి.

1771లో సైబీరియాలోని విల్యూయ్ నది ఒడ్డున, గడ్డకట్టిన నేలలో ఖడ్గమృగం కళేబరం బయటపడింది. ప్రకృతి శాస్త్రవేత్త పల్లాస్ దాన్ని లోకానికి తెలిపారు. చలిదేశంలోకి ఖడ్గమృగం ఎలా వచ్చింది? జలప్రళయం మోసుకొచ్చిందనడం అప్పటికి సులువైన జవాబు. కాంపర్ మాత్రం జవాబు కోసం పుర్రెల దగ్గరికి వెళ్ళారు. ఆఫ్రికా రెండు కొమ్ముల జంతువుకు ముందుపళ్ళు లేవు, ఆసియా ఒంటికొమ్ము దానికి ఉన్నాయి. ఇలా పోల్చి చూస్తూ పోయిన మనిషి, 1780ల చివరికి పల్లాస్‌కు తన నమ్మకం రాసి పంపారు: కొన్ని జంతుజాతులు భూమ్మీద పూర్తిగా అంతరించాయి. సృష్టిలో ఏదీ నశించదన్న నమ్మకం గట్టిగా ఉన్న రోజులవి. తేలిగ్గా అనదగ్గ మాట కాదు.

మనుషుల పుర్రెల్లో ముఖం ఎంత ముందుకు వాలిందో చెప్పే ముఖకోణాన్ని ఆయన కొలిస్తే, తర్వాతివాళ్ళు దాన్ని జాతి అహంకారానికి వాడుకున్నారు. మనుషులంతా ఒకే మూలం నుంచి వచ్చారని 1764లోనే గ్రోనింగెన్‌లో ఉపన్యసించిన మనిషికి అది అన్యాయమే.

మాస్ట్రిక్ట్ సున్నపురాయి గనుల్లో దొరికిన పెద్ద దవడల సంగతీ చెప్పుకోవాలి. హాఫ్‌మన్ అనే వైద్యుడు మొసలి అన్నారు. 1786లో కాంపర్ కాదన్నారు, అంతవరకు సరే. తిమింగలం అన్నారు, అక్కడ తప్పారు. ఆయన పోయాక కొడుకు ఎడ్రియాన్ అవే ఎముకలు ముందేసుకుని ఉడుముల వైపు చూపించాడు. 1808లో ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త కువియె ఔనన్నారు. అంతరించిన ఆ సముద్ర సరీసృపాన్నే నేడు మోససారస్ అంటున్నాం.

తండ్రి తిమింగలాల్లో చేర్చిన దవడను ఆ వరుసలోంచి తీసేసిన ఆ కొడుకే, తిమింగలాల అస్థిపంజరాలపై తండ్రి మిగిల్చిన పరిశీలనలను 1820లో అచ్చు వేయించాడు. దానికి వివరణలు రాసింది కువియె.