ఈగలకు పేర్లు పెట్టిన మాస్టారు

స్నానాల గది గోడ మీద బొచ్చు బొచ్చుగా ఉండే చిన్న ఈగను మనమందరం చూసే ఉంటాం. దాన్ని దోమ అనుకుని నీళ్లు కొట్టేస్తాం. కానీ అది దోమ కాదు, ఇంటి ఈగ కూడా కాదు. మోత్ ఫ్లై అనే వేరే కుటుంబానికి చెందినది. దాని పిల్లపురుగులు మురుగు తూములోని జిగురులో పెరుగుతాయి. ఇలాంటి చిన్న జీవుల కుటుంబాలను వేరుచేసి చూపడానికి జీవితాన్నే వెచ్చించిన ఒక మాస్టారి గురించి ఈసారి తెలుసుకుందాం.

యోహాన్ విల్‌హెల్మ్ మైగెన్ 1764 మే 3న జర్మనీలోని జోలింగెన్‌లో పుట్టారు. పెద్ద చదువులకు వీలు లేకపోయింది. తర్వాత ఆయన స్టోల్‌బర్గ్‌లో స్థిరపడి, ఫ్రెంచి పాఠాలు చెప్పి ఇల్లు గడుపుకున్నారు. తీరిక దొరికితే చాలు, ఈగలు పట్టేవారు. బొమ్మలు కూడా తానే గీసుకునేవారు.

ఈగలు, దోమలు అన్నిటికీ రెండే రెక్కలు. వెనక రెక్కల జత చిన్న గుబ్బల్లా మారి, ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా కాపాడుతుంది. లిన్నేయస్ వీటన్నిటినీ 10 ప్రజాతుల్లోనే సర్దారు. అది చాలదని మైగెన్‌కు అనిపించింది. ఆయన మీసాల ఆకారాన్ని, రెక్కల మీది ఈనెలను పరిశీలించారు. అరచేతి గీతలు చూసి జాతకం చెప్పేవారున్నట్టు, ఆయన రెక్క ఈనెలు చూసి ఈగ కులగోత్రాలు చెప్పగలిగారు! 1818 నుంచి 1838 వరకు యూరప్ ఈగల మీద ఏడు సంపుటాలు వెలువరించారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. 1800లో మైగెన్ ఒక చిన్న పుస్తకంలో కొన్ని పేర్లు ప్రకటించి, 1803లో వాటిలో చాలావాటిని తానే మార్చేశారు. సాయంత్రం చెరువు గట్టున దీపాల చుట్టూ మూగే, కుట్టని చిన్న పురుగులు ఉంటాయి కదా, వాటికి మొదట టెండిపెస్ అని, తర్వాత కైరోనోమస్ అని పేరు పెట్టారు. పాత పుస్తకాన్ని అందరూ మరిచిపోయారు. 1908లో హెండెల్ అనే శాస్త్రవేత్త దాన్ని వెలికితీశారు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది శాస్త్ర నియమం. దాంతో ఒకే పురుగును కొందరు ఒక పేరుతో, కొందరు ఇంకో పేరుతో రాయసాగారు. చివరకు 1963లో అంతర్జాతీయ సంఘం 1800 నాటి పేర్లను పక్కన పెట్టింది.

ఊరు మారినప్పుడల్లా కొత్త బడి రిజిస్టరులో మన పేరు ఒక్కో తీరుగా పడుతుంటే ఎంత ఇబ్బందో మనకు తెలుసు. పేరు స్థిరంగా ఉంటేనే ఒక చోట తెలుసుకున్నది ఇంకో చోట పనికొస్తుంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. అది అనాఫిలిస్ దోమ. ఆ పేరు 1818లో మైగెన్ పెట్టినదే. ప్రయోగశాలల్లో వంశపారంపర్య లక్షణాలను తెలుసుకోవడానికి పెంచే పండ్ల ఈగ డ్రోసోఫిలా మెలనోగాస్టర్‌ను 1830లో మొదట వర్ణించినదీ ఆయనే. ఆ రెండు పేర్లూ ఎంత దూరం వెళ్తాయో చూడకుండానే, 1845 జులై 11న ఆయన కన్నుమూశారు.

ఈసారి గోడ మీద ఆ బొచ్చు ఈగ కనిపిస్తే నీళ్లు కొట్టేముందు ఒక్క నిమిషం ఆగుదాం. భూతద్దంతో దాని రెక్కలు చూద్దాం.