గణకుల ఆప్తబంధువు – సైమన్ స్టెవిన్

పదహారవ శతాబ్దంలో ఐరోపా వర్తకులకు భిన్నాల లెక్క నిత్యం ఎదురయ్యే పరీక్ష. బట్టను 'ఎల్' అనే కొలతతో కొలిచేవారు. ఒక తానులో మూడు ఎల్లుల మీద అయిదు ఎనిమిదో వంతులు ఉంటే, మరొక తానులో రెండు ఎల్లుల మీద మూడు అయిదో వంతులు ఉండేవి. రెండింటినీ కలిపి చెప్పాలంటే ముందుగా హారాలను సమానం చేయాలి. ఎనిమిదికీ అయిదుకూ ఉమ్మడి హారం నలభై. మొదటిది ఇరవై అయిదు నలభయ్యో వంతులు, రెండవది ఇరవై నాలుగు నలభయ్యో వంతులు. కలిపితే నలభై తొమ్మిది. అందులో నుండి ఒక పూర్ణాంకాన్ని బయటికి తీసి, మొత్తం ఆరు ఎల్లుల మీద తొమ్మిది నలభయ్యో వంతులని చెప్పాలి. ధర కట్టడానికి దీనిని నాణేలతో గుణించాలి. ఆ నాణేల తీరు మరీ విచిత్రం. గిల్డరుకు ఇరవై స్టైవర్లు, స్టైవరుకు పదహారు పెన్నింగులు. ఇంత శ్రమలో ఎక్కడో ఒకచోట తప్పు దొర్లేది. తప్పు దొర్లినప్పుడు నష్టపోయేవాడు సాధారణంగా లెక్క రానివాడే.

ఈ చిక్కుముడిని విప్పడానికి పూనుకున్న సైమన్ స్టెవిన్ 1548లో ఫ్లాండర్స్ ప్రాంతంలోని బ్రూజ్ నగరంలో జన్మించాడు. నేడు ఆ నగరం బెల్జియం దేశంలో ఉంది. ఆయన తల్లిదండ్రులకు వివాహం జరగలేదు. ఆనాటి సమాజంలో అటువంటి బిడ్డకు కులగౌరవం గాని, వారసత్వపు అండ గాని లభించేవి కావు. చేతిలోని విద్యే ఆయనకు ఆస్తి అయింది. యాంట్‌వెర్ప్ రేవు నగరంలో ఒక వర్తక సంస్థలో పద్దులు వ్రాశాడు. పోలండు, ప్రష్యా, నార్వే దేశాలను చూసి వచ్చాడు. 1577లో బ్రూజ్ ప్రాంతపు పన్నుల కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. గణితశాస్త్రజ్ఞులలో అనేకులు విద్యాపీఠాల నుండి అంగడి వైపు చూశారు. స్టెవిన్ అంగడి నుండి విద్యాపీఠానికి నడిచాడు. ఆయన రచనలన్నింటిలోనూ ఆ నడక జాడ కనిపిస్తుంది.

అవి స్పెయిన్ రాజు పాలనపై నెదర్లాండ్స్ ప్రజలు తిరుగుబాటు చేస్తున్న రోజులు. దక్షిణాన యుద్ధమూ మతకలహమూ ప్రబలగా వేలాది కుటుంబాలు ఉత్తరానికి తరలిపోయాయి. స్టెవిన్ కూడా 1581 నాటికి లైడెన్ నగరానికి చేరుకున్నాడు. ఆ నగర విశ్వవిద్యాలయం 1575లో స్థాపితమైంది. 1583లో, అంటే ముప్పై అయిదవ ఏట, ఆయన అందులో విద్యార్థిగా పేరు నమోదు చేసుకున్నాడు. తనకంటే పదిహేను, ఇరవై ఏళ్లు చిన్నవారైన పిల్లలతో కలిసి చదవడానికి ఆయన సంకోచించలేదు.

అంతకు ముందే, 1582లో, ఆయన వడ్డీ పట్టికల గ్రంథాన్ని ప్రచురించాడు. ఇంత అసలుకు ఇంత రేటున ఇన్నేళ్లకు ఎంత అవుతుందో తెలిపే పట్టికలను అప్పటి వడ్డీ వ్యాపారులు ఇంటి రహస్యంగా దాచుకునేవారు. ఋణం తీసుకున్నవాడు వారు చెప్పిన మొత్తాన్ని నమ్మవలసిందే. స్టెవిన్ ఆ పట్టికలను తానే లెక్కగట్టి అచ్చు వేయించి, డబ్బు పెట్టి పుస్తకం కొనగలిగిన ప్రతివాని చేతికీ అందించాడు. గుప్తవిద్యను బజారున పెట్టిన ఈ సాహసం గురించి చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంతో సరిపెడతాయి గాని, ఆయన స్వభావాన్ని గ్రహించడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

1585లో లైడెన్ నగరంలో నలభై పుటలైనా లేని ఒక చిన్న పుస్తకం వెలువడింది. దాని డచ్చి పేరుకు 'పదవ వంతు' అని అర్థం. రైతు తన పంటలో చర్చికి చెల్లించే దశమభాగపు పన్నుకు కూడా డచ్చి భాషలో అదే మాట. ఆ మాట వింటేనే ముఖం చిట్లించే జనానికి ఈ పదవ వంతు మాత్రం భారం పెంచేది కాదు, తగ్గించేది. పుస్తకాన్ని ఆయన ఖగోళజ్ఞులకు, భూమి కొలిచేవారికి, బట్ట కొలిచేవారికి, పీపాల పరిమాణం నిర్ణయించేవారికి, టంకశాల అధికారులకు, సమస్త వర్తకులకు అంకితం చేశాడు. రాజులకు, ప్రభువులకు కృతిని సమర్పించే కాలంలో కొలతల పనివారిని కృతిభర్తలుగా ఎంచుకోవడం గమనింపదగిన విషయం.

పుస్తకంలోని మూలసూత్రం సులభమైనది. పూర్ణాంకాలలో ఎడమవైపుకు జరిగే కొద్దీ ప్రతి స్థానం విలువ పదింతలవుతుంది. ఈ స్థానవిలువ పద్ధతి భారతదేశంలో వికసించి, అరబ్బుల ద్వారా ఐరోపాకు చేరినదే. అదే నియమాన్ని ఒకట్ల స్థానానికి కుడివైపున కూడా కొనసాగిస్తే పదో వంతులు, నూరో వంతులు, వెయ్యో వంతులు వరుసగా వస్తాయి. అప్పుడు భిన్నం ప్రత్యేక జాతిగా మిగలదు. దానిని కూడా పూర్ణాంకం వలెనే కూడవచ్చు, తీసివేయవచ్చు, గుణించవచ్చు, భాగించవచ్చు. ఎనిమిది పూర్ణాంకం మీద తొమ్మిది వందల ముప్పై ఏడు వెయ్యో వంతులు అనే మిశ్రమ భిన్నాన్ని ఆయన ఉదాహరణగా చూపాడు. అందులో ఎనిమిది ఒకట్లు, తొమ్మిది పదో వంతులు, మూడు నూరో వంతులు, ఏడు వెయ్యో వంతులు ఉన్నాయి. నేడు మనం దానిని 8.937 అని వ్రాస్తాం.

హారం పది, నూరు, వెయ్యి అయినప్పుడు పని ఇంత తేలిక. హారం ఎనిమిదో, అయిదో అయినప్పుడు లవాన్ని హారంతో భాగించవలసి ఉంటుంది. మొదట చెప్పిన బట్టల లెక్కనే చూద్దాం. మూడు పూర్ణాంకాన్ని అలాగే ఉంచాలి. అయిదును ఎనిమిది భాగించదు కనుక పక్కన సున్న చేర్చి యాభై చేయాలి. యాభైలో ఎనిమిది ఆరుసార్లు పోగా రెండు మిగులుతుంది. రెండు పక్కన సున్న చేర్చి ఇరవై చేస్తే రెండుసార్లు పోయి నాలుగు మిగులుతుంది. నాలుగు పక్కన సున్న చేర్చితే నలభై. అందులో ఎనిమిది సరిగా అయిదుసార్లు పోతుంది, శేషం ఉండదు. కాబట్టి మొదటి తాను 3.625. అదే విధంగా రెండవది 2.6. కలిపితే 6.225. ఉమ్మడి హారం కోసం వెదకనక్కరలేదు. తొమ్మిదిని నలభైతో భాగించి చూస్తే 0.225 వస్తుంది గనుక పాత లెక్కా కొత్త లెక్కా ఒకటేనని విద్యార్థులు స్వయంగా సరిచూసుకోవచ్చు.

అన్ని భిన్నాలూ ఇంత వినయంగా లొంగవు. నాలుగును మూడుతో భాగిస్తే ఒకటి పోను మూడో వంతు మిగులుతుంది. దానిని దశాంశంగా మార్చబోతే మూడు వెంట మూడు అంతులేకుండా వస్తూనే ఉంటుంది. స్టెవిన్ ఈ లోపాన్ని దాచలేదు. పనికి కావలసినంత సూక్ష్మత రాగానే ఆగిపోవచ్చునని చెప్పాడు. బట్టను, భూమిని కొలిచేవానికి వెయ్యో వంతుకు మించిన సూక్ష్మత అవసరం ఉండదని పద్దులు వ్రాసిన ఆ చేతికి తెలుసు.

దశాంశ భిన్నాలను కనుగొన్న తొలి వ్యక్తి స్టెవిన్ కాడు. పదవ శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసీ, 1427లో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ వాటిని ఉపయోగించారు. అయితే ఆ జ్ఞానం పండితుల గ్రంథాలలో నిలిచిపోయింది. దానిని సామాన్యుని దైనందిన పనిముట్టుగా మార్చవచ్చునని వాదించి, ప్రభుత్వాలు తూనికలు, కొలతలు, నాణేలు అన్నింటినీ పదింటి లెక్కన విభజించాలని కోరడం స్టెవిన్ ప్రత్యేకత.

ఆయన వ్రాత పద్ధతి మాత్రం నిలవలేదు. ఒకట్ల అంకె పక్కన వలయంలో సున్న, పదో వంతు పక్కన వలయంలో ఒకటి, నూరో వంతు పక్కన వలయంలో రెండు, ఈ విధంగా ప్రతి అంకెకూ ఒక గుర్తు తగిలించేవాడు. అంకెల కంటే గుర్తులే ఎక్కువగా కనిపించే ఆ వ్రాత చూడటానికి బరువుగా ఉండేది. 1617లో స్కాట్లండు గణితజ్ఞుడు జాన్ నేపియర్ బిందువుతోనో కామాతోనో భిన్నభాగాన్ని వేరుచేయవచ్చునని సూచించాడు. క్రమంగా వలయాలు మాయమై ఒక చుక్క మిగిలింది.

స్టెవిన్ ప్రతిభ అంకెలతో ఆగలేదు. లైడెన్‌లో పరిచయమైన ఆరెంజ్ యువరాజు మారిస్‌కు గణితం బోధించి, తరువాత ఆయన సైన్యానికి సలహాదారుగా పనిచేశాడు. కోటలు, నీటి తూములు, మరలు నిర్మించే విధానాలను రూపొందించాడు. 1586లో తూనికల శాస్త్రాన్ని, ద్రవాల ఒత్తిడిని గురించి గ్రంథాలు ప్రకటించాడు. ఒకటి మరొకదానికి పదింతల బరువున్న రెండు సీసపు గుండ్లను ముప్పై అడుగుల ఎత్తు నుండి పలకమీదికి జారవిడిచి, రెండు చప్పుళ్లూ ఒకటిగానే వినిపించాయని అందులో నమోదు చేశాడు. డెల్ఫ్ట్ నగరవాసి యాన్ కార్నెట్స్ డి గ్రూట్ ఈ ప్రయోగంలో ఆయనకు తోడు. గెలీలియో అప్పటికి ఇరవై రెండేళ్ల యువకుడు. ఇంత పని చేసినా, సముద్రతీరపు ఇసుకపై గాలి చాపతో పరుగెత్తిన బండిని నిర్మించినవాడుగానే సామాన్యజనం స్టెవిన్‌ను చాలాకాలం గుర్తుంచుకున్నారు. లోకం జ్ఞాపకశక్తి అటువంటిది.

యువరాజు తన దండయాత్రలలో స్టెవిన్ పాఠాల వ్రాతప్రతులను వెంట తీసుకుపోయేవాడు. అవి యుద్ధంలో నశిస్తాయేమోనన్న భయమే 1605, 1608 మధ్య వాటిని అచ్చు వేయించడానికి కారణమైంది.

పండితులందరూ లాటిన్‌లో వ్రాసే కాలంలో స్టెవిన్ తన ముఖ్యగ్రంథాలను డచ్చిలో వ్రాశాడు. లాటిన్ నేర్చుకోవడానికి తీరిక లేని వడ్రంగికి, కొలతగానికి శాస్త్రం ఎందుకు అందకూడదన్నది ఆయన వాదం. మాటలు లేనిచోట మాటలు పుట్టించాడు. నేటికీ డచ్చి విద్యార్థులు గణితాన్ని పిలిచే మాట ఆయన వాడుకలోకి తెచ్చినదే. 1600లో లైడెన్‌లో ఏర్పడిన ఇంజనీర్ల పాఠశాలకు ఆయన పాఠ్యప్రణాళిక రచించగా, బోధన డచ్చిలోనే సాగింది. పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన సంగతి ఎరిగిన మనకు ఈ పట్టుదల కొత్తగా తోచదు.

స్టెవిన్ చాలా ఆలస్యంగా వివాహం చేసుకున్నాడు. నలుగురు పిల్లలు కలిగారు. 1620లో హేగ్ నగరంలో మరణించాడు. కుమారుడు హెండ్రిక్ తండ్రి మిగిల్చిన కాగితాలను సేకరించి 1649లో కొన్నింటిని వెలుగులోకి తెచ్చాడు.

ఆయన కోరిన సంస్కరణ ఆయన జీవితకాలంలో జరగలేదు. 1608లో ఆయన చిన్న పుస్తకం ఆంగ్లంలోకి వచ్చింది. ఫ్రెంచి అనువాదపు పేరులో ఉన్న 'డీమ్' అనే మాట 1792 నాటి అమెరికా నాణేల చట్టంలో డాలరులో పదో వంతు నాణెపు పేరుగా ప్రవేశించింది. ఆ దశకంలోనే ఫ్రాన్సు మెట్రిక్ కొలతలను చేపట్టింది. బ్రూజ్ నగరం 1846లో తన బిడ్డకు విగ్రహం నిలిపింది. మన దేశంలో రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు, పైసాకు మూడు దమ్మిడీలుగా సాగిన లెక్క 1957 ఏప్రిల్ 1న ముగిసి, రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. ఆ తరువాత కూడా చాలా ఏళ్లపాటు పల్లెటూరి అంగళ్లలో పెద్దలు పావలా, అర్ధరూపాయి, బేడ అనే మాటలతోనే బేరమాడి, ఇంటికి వచ్చాక పిల్లల చేత నయాపైసలలోకి మార్పించుకునేవారు.