తనను తాను అమ్ముకున్న తెప్ప

కెలెక్ పోయింది. తేదీ వేసి సంతాపసభ పెట్టేంత హఠాత్తుగా పోలేదు, ముసలివాడు మంచం పట్టినట్టు మెల్లగా పోయింది.

టైగ్రిస్ నది మీద దియార్‌బకిర్ నుంచి మోసుల్, బాగ్దాద్‌ల దాకా కుర్దు ఊళ్ళ సరుకు మోసిన తెప్ప అది. గాలి ఊదిన మేకతోలు తిత్తులు వరసగా కట్టి, పైన పోప్లార్ వాసాలు పరిస్తే తయారు. ఉన్ని, తోళ్ళు, ఎండుపళ్ళు, మాచికాయలు ఎక్కించేవారు. మన మూలికల కొట్లో దొరికే మాచికాయే. కుర్దు కొండల్లోని ఓక్ చెట్ల నుంచి ఏరిన ఈ కాయలు సిరాకీ, తోళ్ళు పదును చెయ్యడానికీ దూరదేశాలు వెళ్ళేవి.

నదికి ఎదురీదే శక్తి తెప్పకు లేదు. వర్తకుడి తెలివంతా ఇక్కడే ఉంది. బాగ్దాద్ చేరాక సరుకు అమ్మేవాడు. ఆ తర్వాత తెప్పనే విప్పి వాసాలు అమ్మేవాడు. కలప కరువైన మైదానంలో వాటికి మంచి ధర. మిగిలిన తిత్తుల్లో గాలి తీసి, మడిచి, గాడిదల మీద వేసుకుని కాలిబాటన ఇంటిముఖం పట్టేవాడు. తోలు పడవ చట్రం విప్పి అమ్మి, తోళ్ళతో గాడిదను తోలుకుపోయే బేరగాళ్ళ గురించి క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇంత కాలం నిలిచిన లెక్కను పాతకాలపు మోటుపని అనడానికి నాకు నోరు రాదు.

అలాగని అదేమీ విహారయాత్ర కాదు. రాయి తగిలితే తిత్తి చిరిగేది. ఎండకు తోలు బిగుసుకోకుండా తడుపుతూ, దిగిన తిత్తుల్లో మళ్ళీ గాలి ఊదుతూ ఉండాలి. ఒడ్డున తెగలవాళ్ళకు సుంకం ముట్టచెప్పాలి. 1847లో ఆంగ్లేయ పురావస్తు తవ్వకందారు లేయర్డ్ ప్రాచీన నగరం నిమ్రూద్ శిల్పాలను ఇలాంటి తెప్పల మీదే బస్రాకు దింపాడు. 1855లో మాత్రం కుర్నా దగ్గర దోపిడీలో వందల పెట్టెల పురావస్తువులు నది పాలయ్యాయి.

ఖాబూర్ ఒడ్డున జాఖోలో దుంగలు కట్టి మోసుల్‌కు తేల్చే పనిలో కుర్దు ప్రాంతపు యూదులు ఆరితేరారు. 1950-51లో ఇరాక్ యూదులు దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు వాళ్ళూ వెళ్ళిపోయారు. అంతకుముందే 1926 ఒప్పందం టర్కీకీ ఇరాక్‌కీ మధ్య సరిహద్దును ఖాయం చేసింది. 1940కల్లా మోసుల్‌కు రైలొచ్చింది, లారీలూ వచ్చాయి. 1980లలో మోసుల్ ఆనకట్ట లేచింది. ఎగువన ఇలిసు ఆనకట్ట జలాశయం 2020లో నది ఒడ్డున ఉన్న పాత పట్టణం హసన్‌కేఫ్‌ను ముంచింది. అంతకు ముందే అక్కడి పాత బజారును కూల్చేశారు.

ఇవాళ ఎవరైనా సరదాపడి తిత్తులు ఊది కెలెక్ కట్టినా, దియార్‌బకిర్‌లో దించితే మోసుల్ చేరదు. దారిలో రెండు గోడలున్నాయి.