భాస్కరాచార్యుడు, ఆయన బీజగణితము

లీలావతీ గణితము పేరు వినని తెలుగువారు అరుదు. దానిని రచించినవాడు భాస్కరాచార్యుడని కూడ చాలమంది యెరుగుదురు. కాని ఆ లీలావతికి తోబుట్టువు వంటి బీజగణిత గ్రంథము ఒకటి కలదనియు, ఆచార్యుని బుద్ధిబలము సంపూర్ణముగ గోచరించునది అందేననియు తెలిసినవారు కొద్దిమంది. లీలావతికి కథయొకటి తోడగుటచే దాని కీర్తి యిల్లిల్లు చేరినది. బీజగణితమునకు అట్టి భాగ్యము పట్టలేదు.

ఈ పేరుగల గణితవేత్తలు మన దేశమున ఇరువురు వెలసిరి. మొదటివాడు క్రీ. శ. ఏడవ శతాబ్దమున ఆర్యభటీయమునకు వ్యాఖ్య రచించినవాడు. ఇచ్చట చెప్పబడువాడు అతనికి అయిదు శతాబ్దముల తరువాతివాడు. పూర్వకవుల జన్మసంవత్సరములను గూర్చి పండితులు తగవులాడుట పరిపాటి. భాస్కరుడు ఆ తగవునకు చోటీయలేదు. రుచులు ఆరు, గుణములు మూడు, పూర్ణమనగా సున్న, భూమి యొకటి అను సంకేతములతో తన జన్మసంవత్సరమును తానే శ్లోకమున పొదిగినాడు. అంకెలను కుడినుండి యెడమకు పేర్చినచో 1036 అగును. అది శాలివాహన శకము; క్రీస్తు శకమున 1114. ముప్పదియారవ యేట సిద్ధాంత శిరోమణిని రచించితినని చెప్పుటచేత ఆ గ్రంథరచనాకాలము 1150 అని తేలుచున్నది.

ఆయన నివాసము సహ్యపర్వత ప్రాంతమందలి విజ్జడవిడమను ఊరు. అది నేటి యే ఊరన్న విషయమున ఏకాభిప్రాయము లేదు. గోత్రము శాండిల్యము. తండ్రి మహేశ్వరుడు జ్యోతిష పండితుడు. కుమారునకు గురువు కూడ అతడే. ఆ వంశమున ఆరవ పూర్వపురుషుడగు త్రివిక్రముడు మొదలుకొని తండ్రి వరకు అందరును విద్వాంసులే. త్రివిక్రముని కుమారుడు భాస్కరభట్టుడు భోజరాజుచేత విద్యాపతి బిరుదము నందెనట. తాతముత్తాతల నాటి తాళపత్రములు ఇంటనే యుండగా, చెప్పు గురువు తండ్రియే కాగా, బాలునకు శాస్త్రము ఉగ్గుపాలతో అబ్బినదనుట అతిశయోక్తి గాదు.

సిద్ధాంత శిరోమణి నాలుగు భాగముల గ్రంథము. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము. మొదటిది అంకెల లెక్క. రెండవది అవ్యక్తముల లెక్క. తక్కిన రెండును ఖగోళమునకు సంబంధించినవి. అవ్యక్తమనగా తెలియని రాశి. తెలియని దానికి ఒక పేరు పెట్టి, దానిని తెలిసినదానివలెనే కూడుచు తీసివేయుచు పోయి, కడకు దాని విలువను రాబట్టుటయే బీజగణితము.

ఈ విద్యను భాస్కరుడు తానే కనిపెట్టలేదు. 628లో బ్రహ్మగుప్తుడు సమీకరణములను సాధించు పద్ధతిని సూత్రీకరించి యుండెను. శ్రీధరుడు, పద్మనాభుడు మున్నగువారును బీజగణితములు వ్రాసిరి. వారి గ్రంథములు అతివిస్తృతములగుటచే వాని సారమును సంగ్రహించితినని భాస్కరుడే వినయముతో చెప్పుకొనెను. కాని సంగ్రహించుటలో ఆయన చూపిన నేర్పు సామాన్యము గాదు. సూత్రము చెప్పి వదలక, వెంటనే ఉదాహరణమిచ్చి, దానిని సాధించి చూపుట ఆయన పద్ధతి. ఆ ఉదాహరణములు గుఱ్ఱములు, రత్నములు, కోతులు, తేనెటీగలు. చదువరికి ఎదుట కనబడు వస్తువులు.

గుఱ్ఱముల లెక్క యొకటి ఇచ్చట చూడదగినది. ఒకని యొద్ద మున్నూరు రూకలును ఆరు గుఱ్ఱములును కలవు. వేరొకని యొద్ద అదే వెల గల గుఱ్ఱములు పది కలవు గాని, అతనికి నూరు రూకల అప్పు కలదు. ఇరువురి కలిమియు సమానము. అట్లయిన గుఱ్ఱము వెల యెంత?

తెలియని వెలకు భాస్కరుడు యావత్తావత్తు అని పేరు పెట్టును. ఎంతో అంత అని దాని యర్థము. వ్రాతలో దానిని యా అను ఒక్క యక్షరముగ కుదించును. తెలిసిన సంఖ్యలకు రూపములని పేరు. వానికి రూ గురుతు. ఋణరాశియైనచో అంకెపై చుక్క పెట్టును. ఈ లెక్కలో మొదటివాని కలిమి యా 6, రూ 300. రెండవవానిది యా 10, రూ 100, నూటిపై చుక్క. ఈ రెంటిని ఒకదాని క్రింద నొకటిగ వ్రాయును. నేటి బడిపిల్లలు పెట్టు సమానపు గుర్తు ఆనాడు లేదు. పై వరుసయు క్రింది వరుసయు సమానమన్నది వ్రాత వరుసనుబట్టియే తెలియవలెను.

పిమ్మట జరుగునది సమశోధనము. ఒక వరుసలోని అవ్యక్తమును రెండవ వరుసలోని అవ్యక్తము నుండి తీసివేయవలెను. రూపములను మాత్రము ఎదురుగా, అనగా రెండవ వరుసవానిని మొదటి వరుస నుండి తీసివేయవలెను. పదింట ఆరు పోగా నాలుగు యావత్తావత్తులు. మున్నూటి నుండి నూరు ఋణమును తీసివేయవలెను. అప్పును తీసివేయుట యనగా కూడుటయే గనుక నన్నూరు. నన్నూటిని నాలుగింట భాగించగా నూరు. గుఱ్ఱము వెల నూరు రూకలు. మొదటివాని కలిమి ఆరునూర్లును మున్నూరును కలిసి తొమ్మిదినూర్లు. రెండవవానిది వేయింట నూరు పోగా తొమ్మిదినూర్లు. లెక్క సరిపోయినది.

ఒక పక్షము నుండి రెండవ పక్షమునకు పోవునపుడు ధనము ఋణమగును, ఋణము ధనమగును అని నేడు పాఠశాలలలో బాలురు వల్లెవేయుదురు. ఎందుకగునో చెప్పగలవారు తక్కువ. గుఱ్ఱముల లెక్కలో ఆ కారణము కన్నుల గట్టినట్లుండును. సమానమైన రెండు ఆస్తుల నుండి చెరి ఆరు గుఱ్ఱములను తోలివేసినను మిగిలినవి సమానమే. అపుడు ఒకనికి మున్నూరు రూకలు, రెండవవానికి నాలుగు గుఱ్ఱములును నూరు రూకల అప్పును మిగులును. ఇరువురికి చెరియొక నూరు రూకలిచ్చినచో రెండవవాని అప్పు తీరును, మొదటివానికి నన్నూరగును. తక్కెడ ఎచ్చటను మ్రొగ్గలేదు. పక్షాంతరమను పెద్ద పేరు వెనుక నున్నది ఇంతమాత్రమే.

ఒక లెక్కతో భాస్కరుడు తృప్తిపడడు. అవే గుఱ్ఱములతో షరతు మార్చి మరల నడుగును. మొదటివాని కలిమిలో సగమునకు రెండు చేర్చినది రెండవవాని కలిమికి సమానమైనచో వెల యెంత? ముప్పదియారు. మొదటివాడు రెండవవానికంటె మూడురెట్లు ధనికుడైనచో? ఇరువదియైదు. కలము పట్టి సరిచూచుకొను పాఠకునకు ఒక సాయంకాలము సుఖముగ గడచును.

తెలియని రాశులు ఒకటికంటె నెక్కువయైనపుడు ఆయన వానికి రంగుల పేరులు పెట్టును. యావత్తావత్తు తరువాత కాలకము, నీలకము, పీతకము, లోహితకము; అనగా నలుపు, నీలము, పసుపు, ఎరుపు. ఐరోపాలో తెలియని రాశులకును తెలిసిన రాశులకును అక్షరములను క్రమబద్ధముగ వాడిన ఫ్రెంచి పండితుడు వియెతా గ్రంథము వెలువడినది 1591లో. భాస్కరుడు వర్ణములతో లెక్కించినది అంతకు నాలుగు శతాబ్దములకు పైబడి పూర్వము. ఆ పద్ధతి బ్రహ్మగుప్తుని నాడే కలదు.

రత్నముల లెక్క ఇట్టిది. ఒక వర్తకుని యొద్ద అయిదు మాణిక్యములు, ఎనిమిది నీలములు, ఏడు ముత్యములు, తొంబది రూకలు. వేరొకని యొద్ద ఏడు మాణిక్యములు, తొమ్మిది నీలములు, ఆరు ముత్యములు, అరువదిరెండు రూకలు. కలిమి సమానము. ఒక్కొక్క రత్నము వెల యెంత? ఇచ్చట తెలియనివి మూడు, తెలిసిన సమీకరణము ఒక్కటే. ముడి విప్పుటకు దారము కొస చిక్కనట్లు తోచును. ఇరువైపుల సమానముగ నున్నవానిని తీసివేయగా, రెండు మాణిక్యములును ఒక నీలమును కలిసి ఒక ముత్యముకంటె ఇరువదియెనిమిది రూకలు ఎక్కువ యని మాత్రము తేలును.

అపుడు భాస్కరుని యుపాయము: మొదటి వర్ణమును ఒక వైపున ఒంటరిగ నిలుపవలెను, తక్కిన వర్ణములను, రూపములను అన్నిటిని రెండవ వైపునకు పంపవలెను, మొదటి వర్ణమునకు గల అంకెతో భాగించవలెను. ఇరువదియెనిమిదికి ముత్యము వెల కూడి, నీలము వెల తీసివేసి, సగము చేసినది మాణిక్యము వెల. ముత్యము వెల ఒక రూక యనుకొన్నచో, ఇరువదితొమ్మిది నుండి నీలము వెల పోగా మిగిలినదానిలో సగము. సగము పూర్ణసంఖ్య కావలెనన్న నీలము వెల బేసి కావలెను. నీలము ఒకటి యైన మాణిక్యము పదునాలుగు; నీలము మూడైన మాణిక్యము పదుమూడు. ఇట్లు ఎన్ని సమాధానములైనను పుట్టును. బేసియా సరియా యని చూపుతో తేలని పెద్ద లెక్కలలో ఈ పని చేయునది కుట్టకమను ప్రక్రియ.

ఏ వర్ణమును ఒంటరిగ నిలుపవలెనన్నది సాధకుని యిష్టము. ఈ లెక్కలోనే నీలమును వేరుచేసినచో భాగహారమే యక్కరలేదు. ఇరువదియెనిమిదికి ముత్యము వెల చేర్చి, మాణిక్యము వెలను రెండుమారులు తీసివేసిన చాలును. సమీకరణము ఒక్కటే, దానిని ఏ ముఖమునుండి చూడవలెనో అడిగిన ప్రశ్ననుబట్టి యుండును. బీజమనగా బుద్ధియే యని ఆచార్యుడు పలుమారులు చెప్పుటలోని యాంతర్యమిదియే. వర్ణములు మందబుద్ధులకు తోడ్పాటు మాత్రమే యని ఆయన యభిప్రాయము.

వర్గసమీకరణములలో ఆయన వివేకము మరింత స్పష్టపడును. కోతుల గుంపులో ఎనిమిదవ వంతు యొక్క వర్గము ఆటలాడుచుండగా పండ్రెండు కొండపై నున్నవట. గుంపు నలుబదియెనిమిది కావచ్చును, పదునారును కావచ్చును. రెంటిని ఆయన అంగీకరించెను. వేరొక లెక్కలో గుంపులోని అయిదవ వంతు నుండి మూడు తీసివేసి వర్గించిన యన్ని కోతులు గుహలోనికి పోగా ఒకటి కొమ్మపై మిగిలెను. గణితము ఏబదియనియు అయిదనియు రెండు సమాధానముల నిచ్చును. అయిదింట అయిదవ వంతు ఒకటి. ఒకటి నుండి మూడు కోతులను తీయుట యెట్లు? కనుక అయిదును లోకము ఒప్పదని ఆయన త్రోసివేసెను. సూత్రము చెప్పినదెల్ల శిరసావహింపక, లోకానుభవముతో సరిచూచుట గొప్ప గుణము. సున్నతో భాగించినపుడు మాత్రము ఆయన చెప్పినదంతయు నేటి గణితము అంగీకరించదు.

చక్రవాళమను ప్రక్రియచే ఆయన సాధించిన యొక లెక్కను చెప్పక విడువరాదు. అరువదియొకటిని ఏ వర్గముచే గుణించి ఒకటి చేర్చినచో మరల వర్గమగును? ఆ రెండు వర్గములకు మూలములు 22,61,53,980 మరియు 1,76,63,19,049. ఇదే ప్రశ్నను 1657లో ఫెర్మా ఐరోపా గణితజ్ఞులకు సవాలుగ విసరెను. అప్పటికి భాస్కరుడు దానిని సాధించి అయిదువందల యేండ్లు గడచినవి.

లీలావతి కథను గూర్చి ఒక మాట. కుమార్తె వివాహమునకు ముహూర్తము పెట్టి తండ్రి నీటిగడియారమును అమర్చగా, ఆమె ముక్కరలోని ముత్యము జారి రంధ్రమున పడి ముహూర్తము తప్పిపోయెననియు, ఆమె దుఃఖమును మాన్పుటకై గ్రంథమునకు ఆమె పేరు పెట్టెననియు చెప్పుదురు. కథ మనోహరమే. కాని భాస్కరుని గ్రంథములలో ఇది లేదు. 1587లో అక్బరు ఆస్థానకవి ఫైజీ లీలావతిని పారసీకమునకు పరివర్తించి, దాని పీఠికలో ఈ కథను చెప్పెను. గ్రంథమున ఆచార్యుడు బాలను సంబోధించిన మాట నిజమే. వర్తకుని, మిత్రుని, విద్వాంసుని కూడ సంబోధించెను. శాసనమువలన తెలియునది కుమారుడు లక్ష్మీధరుడు.

ఆచార్యుడు అరువదితొమ్మిదవ యేట, 1183లో, కరణకుతూహలమను జ్యోతిషగ్రంథమును రచించెను. లక్ష్మీధరుని దేవగిరి యాదవరాజు జైత్రపాలుడు పిలిపించి ఆస్థానపండితుని చేసికొనెను. కాకతి రుద్రదేవుని యుద్ధమున వధించి, గణపతిదేవుని చెరపట్టి, పిమ్మట విడిచిపెట్టినవాడు ఈ జైత్రపాలుడే యని తెలుగు పాఠకులు గుర్తింతురు. లక్ష్మీధరుని కుమారుడు చంగదేవుడు సింఘణ మహారాజునకు ప్రధాన జ్యోతిష్కుడు.

ఈ చంగదేవుడు చేసిన పని వలననే వంశచరిత్ర నేటికి తెలియుచున్నది. తాతగారి గ్రంథములను పఠింపజేయుటకై అతడు ఖాందేశమున, నేటి చాళీస్‌గాఁవ్ సమీపమందలి పాటణమున, ఒక మఠమును స్థాపించెను. గ్రంథము ఎంత గొప్పదైనను చెప్పువాడును చదువువాడును లేనిచో చెదల పాలగునని అతడెరుగును. ఆ ప్రాంతమునేలిన నికుంభవంశపు సోన్హదేవుడు 1207లో గ్రహణకాలమున ఆ మఠమునకు దానమొసగెను. ఆ శాసనమును భావూ దాజీ పండితుడు అచ్చటి భవానీ ఆలయమున కనుగొని 1865లో ప్రకటించెను.

మధ్యకాలమున గ్రంథములకు లోటు రాలేదు. బీజగణితమునకు జహంగీరు నాటి కృష్ణదైవజ్ఞుడు వ్యాఖ్య వ్రాసెను. షాజహాను కాలమున, 1634లో, అతాఉల్లా దానిని పారసీకమునకు మార్చెను. ఆ పారసీకమునుండి 1813లో స్ట్రాచీ దొర ఆంగ్లమునకు తెచ్చెను. 1817లో కోల్‌బ్రూక్ దొర లీలావతిని, బీజగణితమును సంస్కృతమూలమునుండియే ఆంగ్లీకరించి లండనులో ప్రకటించెను.

పాటణ శాసనములో పైభాగము సంస్కృతము. వంశవర్ణనము, బిరుదములు అందున్నవి. కడపటి పంక్తులు మాత్రము ఆనాటి మరాఠీ వాడుక భాష. దానవివరములు ఊరివారికి తెలియవలెను గదా. ఊర అమ్ముడుపోవు సరకులపై రాజునకు రావలసిన సుంకములో భాగము మఠమునకు చెందవలెననియు, ఊరిలో ఆడు గానుగలన్నియు గానుగకొక గరిటెడు చొప్పున నూనె పోయవలెననియు అందు వ్రాయబడియున్నది.